డేటాబేస్ కొలువులు: పట్టిక గీయడం యంత్రానికి తేలికే, చిక్కంతా ఆ తర్వాతే

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కార్ల్ బెనెడిక్ట్ ఫ్రే, మైకేల్ ఆస్బోర్న్ 2013లో 702 వృత్తులను పరిశీలించి, ఏది ఎంతమేర యంత్రాల పాలు కావచ్చో లెక్కగట్టారు. డేటా ఎంట్రీకి 99 శాతం, కంప్యూటర్ ప్రోగ్రామర్లకు 48 శాతం ముప్పు ఉందన్న ఆ పత్రం, డేటాబేస్ నిర్వాహకులకు ఇచ్చింది 3 శాతమే. పుష్కరం గడిచింది. ఆ 3 శాతాన్ని నమ్ముకొని ఈ వృత్తిలోకి రమ్మని నేడు ఎవరికైనా చెప్పడం కష్టం. అలాగని వృత్తి ముగిసిందనడమూ తొందరపాటే.

నిజానికి ఒకే పేరుతో పిలుస్తున్నవి రెండు వేర్వేరు పనులు. ఒకటి నిర్వహణ: బ్యాకప్‌లు తీయడం, ప్యాచ్‌లు వేయడం, నెమ్మదించిన క్వెరీకి తగిన ఇండెక్స్ జోడించడం. రెండోది రూపకల్పన: సంస్థ ఏ సమాచారాన్ని ఏ రూపంలో దాచాలో, ఏది దేనితో ముడిపడాలో నిర్ణయించడం. మొదటిదానిపై వేటు చాట్‌బోట్‌లు రాకముందే పడింది. అమెజాన్ 2009లో తెచ్చిన ఆర్‌డీఎస్ సేవ ఈ చాకిరీలో చాలాభాగాన్ని క్లౌడ్‌కు అప్పగించింది. ఒరాకిల్ 2017లో ప్రకటించిన ‘అటానమస్ డేటాబేస్’ మనిషి చేయి పడకుండానే ప్యాచ్‌లు వేసుకుంటుంది. విదేశీ సంస్థల సర్వర్లకు హైదరాబాద్, బెంగళూరుల నుంచి రాత్రి షిఫ్టుల్లో కాపలా కాసిన వారికి ఇది కొత్త కబురేమీ కాదు.

ఇప్పుడు వంతు రూపకల్పనది. ఐబీఎం పరిశోధకుడు ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించిన రిలేషనల్ నమూనాయే నేటికీ ఈ రంగానికి పునాది. దాని నియమాలు స్పష్టమైనవి, అర్ధశతాబ్దంగా పాఠ్యపుస్తకాల్లో ఉన్నవి. అందుకే కృత్రిమ మేధ వాటిని ఇట్టే ఒంటబట్టించుకుంది. ఆసుపత్రికో, గొలుసు దుకాణాలకో స్కీమా కావాలంటే క్షణాల్లో ఇస్తుంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది.

అందులో తరచూ ‘మొదటి పేరు’, ‘చివరి పేరు’ అని రెండు గడులు కనిపిస్తాయి. తెలుగువారికి ఇంటిపేరు ముందుంటుంది, తమిళుల్లో చాలామందికి ఇంటిపేరే ఉండదు. పాన్ దరఖాస్తు పేరును మూడు ముక్కలు చేస్తుంది, ఆధార్‌లో ఒకటే గడి. రెంటినీ అనుసంధానించే వేళ పేర్లు సరిపోలక తిప్పలు పడని కుటుంబం మన దగ్గర అరుదు. పాస్‌పోర్టులో ఒక గడే నిండి ఉంటే అమెరికా వీసాపై ‘ఎఫ్ఎన్‌యూ’ అని, అంటే ‘మొదటి పేరు తెలియదు’ అని అచ్చవుతుంది. శుభ్రంగా బారసాల చేసి పెట్టిన పేరు తెలియకపోవడమేమిటో! ఈ గడులను గీసింది యంత్రం కాదు, మనుషులే. కానీ అలాంటి నమూనాలనే చదువుకున్న యంత్రం అదే తప్పును మరింత వేగంగా తిరగరాస్తుంది. ‘మీ ఖాతాదారుల పేర్లు ఎలా ఉంటాయి?’ అని ముందే అడిగే మనిషి విలువ ఇక్కడే.

తప్పు ఖరీదూ తక్కువేమీ కాదు. 2025 జులైలో రెప్లిట్ సంస్థ ఏఐ ఏజెంట్, మార్పులేవీ చేయవద్దన్న ఆదేశాన్ని కాదని ఒక వినియోగదారుడి వాడుకలో ఉన్న డేటాబేస్‌ను చెరిపేసింది. సంస్థ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఉల్లంఘనలకు రూ.250 కోట్ల వరకు జరిమానా విధించే వీలు కల్పిస్తోంది. తన సమాచారం తొలగించమని కోరే హక్కు పౌరుడికి ఇస్తోంది. ఒక మనిషి వివరాలు ఎన్ని పట్టికల్లో, ఎన్ని నకళ్లలో చెదిరి ఉన్నాయో తెలియని సంస్థ ఆ కోరికను ఎలా తీర్చగలదు? కనుక అనుభవజ్ఞులైన రూపకర్తలకు గిరాకీ తగ్గదనే నా అంచనా.

బెంగ కొత్తవారి గురించే. నేటి రూపకర్తల్లో చాలామంది ఒకనాడు అర్ధరాత్రి మొరాయించిన క్వెరీలతో కుస్తీ పట్టి, ఎవరో గీసిన పట్టికల లోపాలు తవ్వుకుంటూ పైకి వచ్చినవారే. ఆ కింది మెట్టే ఇప్పుడు కరుగుతోంది. ఇంజినీరింగ్ కళాశాలల్లో మాత్రం డేటాబేస్ ల్యాబ్ అంటే ఇంకా గ్రంథాలయ నిర్వహణ ప్రాజెక్టే, యంత్రం నిమిషాల్లో ముగించేదే. దానికి బదులు యంత్రం ఇచ్చిన స్కీమానే విద్యార్థి చేతికిచ్చి, ఊళ్లోని ఒక రేషన్ దుకాణం లెక్కలకు అది ఎక్కడెక్కడ పనికిరాదో పట్టుకోమంటే, ఆ మెట్టులో కొంతైనా తరగతి గదిలోనే కట్టవచ్చు.