ఎంత పాతదైతే అంత గొప్పా?

పాత బియ్యం అన్నం పొడిపొడిగా వస్తుందని ఏరి మరీ కొంటాం. వైన్‌కీ అదే సూత్రమని, ఎంత పాతదైతే అంత గొప్పదని చాలామంది నమ్మకం. నిజానికి ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో చాలా భాగం రెండు మూడేళ్లలో తాగేయడానికి చేసిందే. దాచినకొద్దీ బాగుపడేవి కొన్నే. వాటిలో స్పెయిన్‌ దేశపు రియోహా ఎర్ర వైన్‌ ఒకటి. (స్పెల్లింగులో 'జె' ఉన్నా పలికేది 'హ' అనే.)

ఎబ్రో నది పరీవాహకంలోని ప్రాంతమిది. ముఖ్యమైన ద్రాక్ష టెంప్రనియో. 'టెంప్రానో' అంటే స్పానిష్‌లో పెందలాడే అని అర్థం. తొందరగా పండుతుంది కాబట్టి ఆ పేరు. 19వ శతాబ్దం రెండో సగంలో ఫిలోక్సెరా అనే చిన్న పురుగు వేళ్లు పీల్చేసి ఫ్రాన్స్‌ ద్రాక్షతోటల్ని నాశనం చేసింది. సరుకు కోసం బోర్డో వర్తకులు రియోహా దారి పట్టారు. ఓక్‌ పీపాల్లో వైన్‌ని మాగబెట్టే బోర్డో పద్ధతి అప్పటికే ఇక్కడ కొందరికి తెలిసినా, బాగా వ్యాపించింది ఆ రోజుల్లోనే. హారో పట్టణంలో రైల్వేస్టేషన్‌ చుట్టూ వైన్‌ కంపెనీలు వెలిశాయి. సరుకు రైలెక్కించడం తేలిక మరి! 1877లో మొదలైన లోపెజ్‌ దె ఎరెదియా ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇంతకీ పీపాలో ఏం జరుగుతుంది? కొత్త వైన్‌లో నోరు పట్టేసే వగరు ఉంటుంది, పచ్చి వక్క నమిలినట్టు. దానికి కారణం టానిన్లు. 225 లీటర్ల పీపా చెక్కలోంచి రవ్వంత గాలి తగులుతూ ఉంటే అవి ఒకదానితో ఒకటి కలిసి మెత్తబడతాయి. తర్వాత సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ కొంత మడ్డిగా అడుగుకు దిగుతుంది. నేరేడు రంగు ఇటుక రంగవుతుంది. తాజా పండు వాసన తగ్గి తోలు, పొగాకు, ఎండు అంజీరు గుర్తొస్తాయి. రియోహావాళ్లు ఎక్కువగా అమెరికన్‌ ఓక్‌ వాడతారు. వెనిలా, కొబ్బరి ఛాయలు దాని చలవే.

అన్నిటికన్నా మెచ్చుకోవాల్సింది అక్కడి చట్టాన్ని. లేబుల్‌ మీద 'క్రియాంథా' అని వేయాలంటే రెండేళ్లు ఆగాలి, అందులో ఒక ఏడాది పీపాలో. 'రెసెర్వా'కి మూడేళ్లు. 'గ్రాన్‌ రెసెర్వా'కి ఐదేళ్లు, కనీసం రెండేళ్లు పీపాలో. అంతకాలం పెట్టుబడి నేలమాళిగలో ఇరుక్కున్నా సరే, ఆ పేరుతో ముందుగా అమ్మడానికి వీల్లేదు. అమెరికాలో 'రిజర్వ్‌' అనే మాటకి ఇలాంటి చట్టబద్ధమైన అర్థమేదీ లేదు, ఎవరైనా వేసుకోవచ్చు.

విదేశాల నుంచి చుట్టాలు తెచ్చిన సీసాని షోకేసులో నిలబెట్టి, ఏ షష్టిపూర్తికో తీద్దామనుకునే ఇళ్లు మనకీ ఉన్నాయి. అది క్రియాంథా అయితే అన్నాళ్లు ఆగొద్దు. గ్రాన్‌ రెసెర్వా, అదీ మంచి పంట ఏడాదిదైతే ఇరవై ఏళ్లయినా నిలుస్తుంది. కాకపోతే చీకటి గదిలో, 13 డిగ్రీల చల్లదనంలో, కార్క్‌ బిరడా ఎండిపోకుండా పడుకోబెట్టి ఉంచాలి. మన మే నెల 42 డిగ్రీల ఎండకి షోకేసులో ఒక్క వేసవి చాలు, పాడవడానికి. అంతకన్నా ఫ్రిజ్‌లో కింది అరే నయం.