మిరియాల వాసనకు వెల ఉంది, మిర్చి ఘాటుకు లేదా?

వైన్ సంగతి రైతు సంఘం పత్రికలో ఎందుకని కొందరు అడగవచ్చు. సారా మీద ఆడవాళ్లు తిరగబడిన దూబగుంట నెల్లూరు జిల్లాలోనే ఉంది. తాగమని చెప్పడానికి ఈ మాట ఎత్తడం లేదు. ఒక పంటకు పేరూ ధరా ఎలా వచ్చాయో, ఆ పంట వేసిన రైతు ఎక్కడ నిలబడ్డాడో, ఎక్కడ దెబ్బతిన్నాడో చూడటానికి.

ఫ్రాన్సులో రోన్ నది ఒడ్డు వాలుల్లో సిరా అనే నల్లద్రాక్ష పండుతుంది. ఆస్ట్రేలియాలో, మన నాసిక్‌లో దాన్నే షిరాజ్ అంటారు. రంగు ఉండేది తొక్కలోనే, వగరు తొక్కలోనూ గింజల్లోనూ. అందుకే పళ్లను చిదిమి తొక్కతో సహా వారం పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, తొట్లలో పులియబెడతారు. పైకి తేలిన తొక్కను రోజూ రసంలోకి అదుముతారు. పండులోని తీపి ఆల్కహాలుగా మారుతుంది. తర్వాత పిండి, ఓక్ చెక్క పీపాల్లో నెలల తరబడి నిలవ ఉంచుతారు. ముదురు ఎరుపు, నల్లపళ్ల రుచి, నాలుక మీద వగరు, చివర్లో మిరియాల వాసన. ఆ వాసనకు కారణం రొటండోన్ అనే పదార్థమని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు తేల్చారు. మనం చారులో వేసే మిరియాల్లో ఉన్నదీ అదే.

ఆ వాసనను కొలిచి, పేరు పెట్టి, సీసా మీద రాసి అమ్ముతున్నారు. 750 మిల్లీలీటర్ల సీసాకు పట్టేది కిలో పైచిలుకు పళ్లు మాత్రమే.

ఇక మన సంగతి. తేజ ఘాటుకు, 334 రంగుకు దేశదేశాల్లో గిరాకీ ఉంది. ఘాటునూ రంగునూ పిండి ఒలియోరెసిన్‌గా అమ్మే కంపెనీలు రెంటినీ ప్రయోగశాలలో కొలిచే కొంటాయి. యార్డులో మాత్రం కాయను కంటితో చూసి, చేత్తో విరిచి ధర చెబుతారు. తాలు ఎంతో, తేమ ఎంతో చెప్పేది కొనేవాడే. 2025 ఫిబ్రవరిలో ధర కూలినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. ఆ లెక్కలో ఘాటుకు విలువ లేదు, రంగుకు విలువ లేదు. అన్నీ ఒకే టిక్కీ.

వైన్ ద్రాక్ష వేస్తే బాగుపడతామని అనుకుంటే అదీ పొరపాటే. 2008 తర్వాత గిరాకీ పడిపోయినప్పుడు నాసిక్ ప్రాంతంలో చాలామంది రైతులు వైన్ ద్రాక్ష తోటలు పీకేశారు. ఆ కాయ బజారులో తినడానికి అమ్ముడుపోయేది కాదు. కంపెనీ వద్దంటే రైతుకు వేరే దారి లేదు. పంట మారినంత మాత్రాన బేరంలో మన బలం మారదు.

మారినచోటు ఒకటుంది. రోన్ లోయలోనే తాఁ అనే ఊళ్లో 1933లో ద్రాక్ష రైతులు సహకార సంఘం పెట్టుకున్నారు. తమ పళ్లను తామే వైన్ చేసి, తమ పేరుతో అమ్ముకుంటున్నారు. ఆ ఊరి పక్క కొండ పేరు ఎర్మిటాజ్. 1937 నుంచి ఆ పేరుకు చట్టం కాపలా ఉంది. వేరేచోట పండిన ద్రాక్షకు ఆ పేరు పెట్టడానికి వీల్లేదు.

మన గుంటూరు సన్నానికీ భౌగోళిక గుర్తింపు ఉంది. గుంటూరులో స్పైసెస్ బోర్డు ప్రయోగశాల ఉంది. యడ్లపాడు దగ్గర స్పైసెస్ పార్కు ఉంది. లేనిది వాటిలో రైతుకు చోటు.

కాబట్టి మన సంఘం మూడు మాటలు అడగాలి. ధర కట్టకముందే యార్డులో రంగు, ఘాటు, తేమ కొలిచి రైతు చేతికి చీటీ ఇవ్వాలి. స్పైసెస్ పార్కులో రైతుల సహకార సంఘాలకు ఆడించే, నూనె తీసే యంత్రాలు అందుబాటులోకి తేవాలి. గుంటూరు పేరుతో అమ్మే ప్రతి ప్యాకెట్‌లో గుంటూరు కాయే ఉందని తనిఖీ చేయాలి.

కాయ కల్లంలో ఉండగానే ఈ మాటలు గట్టిగా అడుగుదాం. కోల్డ్ స్టోరేజీకి చేరాక మన గొంతు ఎవరికీ వినపడదు.