మారింది జనం అభిరుచా, బిల్లు కట్టేవాడా?

మొన్న మా పెదనాన్నతో గొడవయింది. పెద్ద గొడవేం కాదు లెండి. సెలవుకి అంబాజీపేట వచ్చాను. రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద కూచుని ఫోన్లో సియాటిల్ రేడియో పెట్టుకున్నా. "ఏంట్రా అబ్బాయ్ ఆ గోల? మన పాటల్లేవా?" అన్నారు. "ఎక్కడొస్తున్నాయి పెదనాన్నా, ఎఫ్ఎమ్ పెడితే ఆ పదీ పాతికా పాటలే తిప్పి తిప్పి వేస్తున్నారు" అన్నాను. "జనం అవే అడుగుతున్నార్రా మరి!"

ఇదిగో, ఈ ఒక్క మాట వింటే నాకు ఒళ్ళు మండిపోద్ది. అమెరికాలోనూ అచ్చం ఇదే విన్నాను మరి.

2019లో ఎమ్మెస్‌కని కాలిఫోర్నియా వెళ్ళాను. ఓ పాత కరోలా కొన్నాను. దాన్లో బ్లూటూత్ లేదు, పాటలంటే రేడియోనే గతి. అలా తగిలింది శాన్‌ఫ్రాన్సిస్కో ఆల్టర్నేటివ్ రాక్ స్టేషన్, 105.3. (ఆల్టర్నేటివ్ అంటే ఏమిటని అడక్కండి, దేనికి ఆల్టర్నేటివో నాకూ సరిగ్గా తెలీదు. కాలేజీ రేడియోల్లో పుట్టి పెరిగిన రాక్ అనుకోండి.) రూమ్మేట్లు నిద్రపోయాక అర్ధరాత్రి ఖాళీ పార్కింగ్ లాట్‌లో కారులో కూచుని వినేవాణ్ణి. కొత్త ఊళ్ళో నాతో మాట్లాడే గొంతు అదొక్కటే అనిపించిన రోజులున్నాయి.

ఆ స్టేషన్ 1986 నుంచి 'లైవ్ 105'. 2017లో దాని పేరు 'ఆల్ట్ 105.3' అయింది. అదే ఏడాది సీబీఎస్ రేడియోని ఎంటర్‌కామ్ అనే కంపెనీ కలిపేసుకుంది. 2020లో ఆ కంపెనీ తన ఆల్టర్నేటివ్ స్టేషన్లలో చాలా ప్రోగ్రాములు అనేక ఊళ్ళకి కలిపి ఒకే చోటి నుంచి వేయడం మొదలెట్టింది. ఇక 2021 అక్టోబరులో ఓ రోజు 880 ట్రాఫిక్‌లో ఇరుక్కుని రేడియో పెడితే ఎప్పటివో పాత హిట్లు వస్తున్నాయి. స్టేషన్ తప్పు తిప్పాననుకున్నా. కాదు, దాని పేరు ఇప్పుడు 'డేవ్' అట! మనిషి పేరు పెట్టారు, మనుషుల్ని తీసేశారు.

ఆఫీసులో అంటే మా కొలీగ్, తెలుగాయనే, "రేటింగులు పడిపోతే మారుస్తారు బాస్, జనానికి నచ్చట్లేదు, అంతే" అని తేల్చేశాడు. సరే, 2023లో అదే స్టేషన్ మళ్ళీ 'లైవ్ 105' అయింది. అంటే బే ఏరియా జనం అభిరుచి రెండేళ్ళు తిరక్కుండా ఓసారి వెళ్ళిపోయి మళ్ళీ వచ్చిందా? ముందు ఊరి వాసన తీసేసి, ఆనక ఎవరూ వినట్లేదని ఫార్మాటే తీసేయడం.. టెస్టర్లందర్నీ పంపించేసి, బగ్గులెక్కువయ్యాయని ప్రాజెక్టు మూసేసినట్టుంది.

అసలు కిటుకు వేరే ఉంది. 1996 దాకా అమెరికాలో ఒక కంపెనీకి దేశం మొత్తమ్మీద 40 స్టేషన్లు మించకూడదు. ఆ ఏడాది చట్టం మార్చి ఆ హద్దు ఎత్తేశారు. అప్పులు చేసి మరీ కొన్నారు. ఎంటర్‌కామ్ చేతిలో రెండొందల పైచిలుకు స్టేషన్లు పడ్డాయి. 2021లో ఆడసీ అని పేరు మార్చుకుంది, 2024 జనవరిలో దాదాపు 190 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా పిటిషన్ వేసింది. అంత అప్పు నెత్తిన ఉన్నవాడు పాట మారిస్తే అది మీ అభిరుచి కోసమని ఎలా నమ్మమంటారు?

ఇప్పుడు నేను అరుగు మీద వింటున్న కేఈఎక్స్‌పీ సంగతి. 1972లో యూనివర్సిటీ విద్యార్థులు పది వాట్లతో మొదలెట్టిన స్టేషన్. ఏ పాట వేయాలో అక్కడి డీజేలే ఎంచుకుంటారు. బిల్లులో పెద్ద వాటా శ్రోతల చందాలే. వాళ్ళు దేవుళ్ళేం కాదు, 1992 ప్రాంతంలో బయట తయారైన ప్రోగ్రాములు తెచ్చి పెడితే శ్రోతలు తిరగబడ్డారు, చందాలు ఆపమని ప్రచారం చేశారు. చందా కట్టేవాడికే ఆ హక్కుంటుంది. దివాలా వేలంలో 37.5 లక్షల డాలర్లకి శాన్‌ఫ్రాన్సిస్కో 92.7 కొని 2024 మార్చిలో అక్కడా మొదలెట్టింది ఈ స్టేషనే.

"స్పాటిఫై ఉండగా ఈ గోలంతా ఎందుకు?" అనేవాళ్ళకి ఒక్క మాట. నేను రాసేదీ అలాంటి రికమెండేషన్ కోడే. నిన్న మీరు విన్నదాన్నే కొంచెం అటూ ఇటూ చేసి ఇవాళ ఇస్తుంది. శంకరగుప్తంలో ఎవరో కుర్రాడు బాగా పాడుతున్నాడని దానికి తెలీదు.

శంకరగుప్తం అనే ఎందుకన్నానంటే, బాలమురళీకృష్ణ గారు పుట్టింది ఆ ఊళ్ళోనే. విజయవాడ రేడియోలో సంగీతం ప్రొడ్యూసర్‌గా చేశారు, భక్తిరంజని వెనక ఆయన చెయ్యి ఉంది. 'హుక్' పదిసెకన్లు వినిపించి మార్కులేయించుకుని పెట్టిన కార్యక్రమం కాదది.

2024 ఆగస్టులో కేంద్రం 234 కొత్త పట్టణాల్లో ప్రైవేట్ ఎఫ్ఎమ్ వేలానికి ఒప్పుకుంది. కాకినాడ ఉంది, భీమవరం ఉంది, అమలాపురం లేదు. మనవాళ్ళు కొందరు బాధపడ్డారు. నేను పడలేదు. వచ్చినా వచ్చేది 'డేవ్'కి తమ్ముడే. మనకి కావల్సింది మాచనూరు లాంటిది. జహీరాబాద్ దగ్గర ఆ పల్లెలో 2008 అక్టోబరు నుంచి దళిత మహిళలు సంఘం రేడియో నడిపారు, వాళ్ళ పాటలు వాళ్ళ మాటల్లో. అమెరికాలో ఉన్న కోనసీమ వాళ్ళం గుడి గోపురాలకీ ఊరి ఆర్చీలకీ పంపే డబ్బులో నాలుగో వంతు చాలదా? (చందా రాసి వెనకాడే బ్యాచ్‌లో నేనూ ఉన్నాను, ఒప్పుకుంటున్నా.)

ఇదంతా పెదనాన్నకి ఆవేశంగా చెప్పాను. ఆయన ఏమీ అనకుండా లోపలికెళ్ళి, ట్రంకు పెట్టెలోంచి తాతగారి రేడియో లైసెన్సు పుస్తకం తెచ్చి చూపించారు. ఒకప్పుడు ఇంట్లో రేడియో ఉంటే ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టాలట, 1980ల్లో తీసేశారు. స్టాంపులు వరసగా అంటించి ఉన్నాయి, ఒక్క ఏడాది కూడా తప్పలేదు.

"మేం కట్టి విన్నాంరా" అన్నారు. కాసేపాగి, "ఇంతకీ ఆ చిన్న రేడియో పెట్టాలంటే ఎంతవుద్దేంటి?"

రేపు కూచుని లెక్కేస్తున్నాం.