గుహకు తగిన వస్త్రం

మన విద్యార్థులను మేఘాలయ గుహలకు విజ్ఞానయాత్రకు తీసుకువెళ్లాలన్న ప్రతిపాదన కమిటీ ముందుకు వచ్చిన నాటినుండి, పైతొడుగుల కొనుగోలును గూర్చిన చర్చ అధ్యాపకుల గదిలో తరచు వినవస్తున్నది. తెలుగు పంతులుకు ఇందులో ఏమి పని అని మిత్రులు నవ్వవచ్చు. నేను పోయిన శీతకాలంలో అక్కడే వానకోటు తొడుక్కొని ఒక ఏటిగుహలో ప్రాకినవాడను. అర్ధగంటకే ఆ కోటు మోకాళ్ల వద్ద చినిగింది. పిమ్మట కుట్ల వెంట నీరు దిగింది. నూలు చొక్కా తడిసి ఒంటికి అంటుకున్నది. నడుములోతు నీటిలో చాలాసేపు నిలిచి వెలికి వచ్చేసరికి మాతో ఉన్న ఒక యువకునికి వణుకు ఆగక మాట తడబడుతున్నది. అది ప్రమాదసూచన అని మాలో ఎవరికీ తెలియదు. గాలి కంటే నీరు దేహంలోని వేడిని సుమారు 25 రెట్లు వేగంగా హరిస్తుందని తరువాత చదివి తెలుసుకున్నాను.

వానకోటు నిలిచి నడిచే మనిషి కోసం పుట్టిన వస్త్రం. గుహలో మనిషి కూర్చుండి జారుతాడు, మోచేతులతో రాతిని ఒరుసుకుంటూ ప్రాకుతాడు. కనుక మోకాళ్ల వద్ద, మోచేతుల వద్ద, పిరుదుల వద్ద రెండవ పొర లేని తొడుగు ఎంత చౌకైనా కొనరాదు. ఇక కుట్ల సంగతి మన విద్యార్థులలో దర్జీల బిడ్డలకు వేరుగా చెప్పనవసరం లేదు. సూది దూరిన ప్రతిచోటా ఒక రంధ్రమే గదా! పి.వి.సి. పూత గల బట్టకు అతుకులను వేడితో కరిగించి కలుపుతారు. నీరు దూరదు, బురద కడిగితే పోతుంది. కాని అది బరువైనది, బిరుసైనది, చెమటను బయటికి పోనీయదు. పాలియురెథేన్ పూత గల గట్టి నైలాను బట్ట తేలిక, మెత్తన; దాని పూత మాత్రం వాడుకలో క్రమంగా అరుగుతుంది.

విదేశీ పట్టికలలో అన్నిటికంటే మందమైన దానినే కొందామని కొందరు పెద్దలు అంటున్నారు. ఈ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. అది ఇంగ్లండులోని యార్క్‌షైర్ గుహలకు తగినది. అక్కడ చలి 8, 10 డిగ్రీలు. మేఘాలయ గుహలు అంత చల్లనివి కావు. అక్కడికి తేలికైన నైలాను తొడుగు, లోపల నూలు కాక కృత్రిమ దారపు వెచ్చని దుస్తులు చాలును. ఈదవలసిన గుహలైతే ఏ పైతొడుగూ చాలదు. నియోప్రీన్ దుస్తులే శరణ్యం. మన నంద్యాల జిల్లాలోని బెలుం గుహల సంగతి మరొకటి. 3,229 మీటర్ల ఆ గుహలో సందర్శకులకు తెరచిన దారి చదునైనది, లోపల ఉక్క. అక్కడ జలనిరోధక తొడుగు వేసినవాడు తన చెమటలోనే తడుస్తాడు.

కొలతల విషయం చిన్నదిగా తోచవచ్చు. కొన్నేళ్ల క్రితం ఒక విహారయాత్రలో తెచ్చిన తొడుగులన్నీ పురుషుల కొలతలవే కావడంతో విద్యార్థినులు గుహ ముఖద్వారం వద్దనే కూర్చుండిపోయారు. చిరపుంజి సమీపంలోని మామ్లూ గుహ శిలను ఆధారం చేసుకొని, 4,200 ఏళ్ల క్రితం ఆరంభమైన కాలానికి 2018లో మేఘాలయ యుగమని పేరు పెట్టారు. ఆ గుహను చూచే భాగ్యం ఆడపిల్లలకు ఒక కొలతబద్ద వల్ల తప్పిపోవాలా? లోదుస్తులతో సహా తొడిగి, గొంతుకూర్చుని, రెండు చేతులూ పైకెత్తి చూడండి. ఎక్కడా పట్టివేయకున్న యెడల అది ఆ విద్యార్థికి సరిపోయినట్లు.

ముప్పై నాసి తొడుగుల కంటే పన్నెండు మంచివి కొని వంతులవారీగా వాడుకోవడం మేలు. వాడిన నాడే కడిగి నీడన ఆరవేయాలి. తడిగా మడిచి పెడితే పూత ఊడిపోతుంది. ఈ పని ఎవరిదని కమిటీ వారు అడగవచ్చు. బీరువా తాళంచెవి నాకు ఇప్పించిన యెడల నేను చూచుకోగలను.