తెరుచుకోని తలుపుకు జవాబుదారు ఎవరు?

ఫోన్‌తో కారు తలుపు తెరుచుకోకపోతే ఏం చేయాలో కంపెనీలు చెప్పే చిట్టా చాలా పెద్దది. బ్లూటూత్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. లొకేషన్ అనుమతి ‘ఎల్లప్పుడూ’ అని ఉందో లేదో చూడండి. బ్యాటరీ పొదుపు తీసేయండి. యాప్ అప్‌డేట్ చేయండి. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ కుదరకపోతే కారులోంచి ఆ ఫోన్‌ను తొలగించి, కొత్తగా జత చేయండి. చాలా మోడళ్లలో ఈ చివరి పని కారు లోపల తెర ముందు కూర్చుని చేయాల్సిందే. తలుపే తీయలేక బయట నిలబడ్డ మనిషికి ఇస్తున్న సలహా ఇది.

ఈ చిట్టాలో ఉన్నవన్నీ కొన్నవాళ్లు చేయాల్సిన పనులే. అమ్మినవాళ్లు చేయాల్సింది ఒక్కటీ లేదు. లక్షలు పోసి కొన్న బండికి తాళం పనిచేయకపోతే అది సరుకులో లోపం. దాన్ని వాడకంలో పొరపాటుగా మార్చి వినియోగదారు నెత్తిన వేస్తున్నారు. షోరూంలో అడిగితే ఫోన్ కంపెనీ మీద చెబుతారు. ఫోన్ కంపెనీని అడిగితే కారు యాప్‌ను చూపిస్తుంది. ఇద్దరి మధ్యా కొన్నవాళ్లు నలిగిపోతున్నారు.

లోపం ఎక్కడుందో ఇంజినీర్లకు బాగా తెలుసు. చాలా కార్లలో ఫోన్ తాళం తక్కువ విద్యుత్తుతో నడిచే బ్లూటూత్ మీద ఆధారపడుతుంది. యజమాని దగ్గరికొచ్చాడా లేదా అన్నది కారు సిగ్నల్ బలాన్ని బట్టి అంచనా కడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర నడిచే ఆ తరంగాలను మనిషి ఒంట్లోని నీరు పీల్చుకుంటుంది. ఫోన్ వెనక జేబులో ఉంటే, తలుపు ముందే నిలబడ్డా కారు లెక్కలో మనం దూరంగా ఉన్నట్టే. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కాంక్రీటు స్తంభాలు, చుట్టూ ఉన్న ఇనుము, అదే పౌనఃపున్యంలో నడిచే వైఫై రూటర్లు కలిసి ఆ అంచనాను ఇంకా తప్పుదోవ పట్టిస్తాయి. అందుకే నిన్న తెరుచుకున్న చోటే ఇవాళ తెరుచుకోదు. కారణం కనిపించదు కాబట్టి తప్పు తనదే అనుకుని యజమాని మళ్లీ మళ్లీ ఫోన్ నొక్కుతుంటాడు.

ఇంకో చిక్కు ఫోన్‌లోనే ఉంది. ఛార్జింగ్ ఎక్కువసేపు నిలవాలని చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు తెర వెనక నడిచే యాప్‌లను ఆపేస్తాయి. మన మార్కెట్లో బాగా అమ్ముడయ్యే షావోమీ, ఒప్పో, వివో ఫోన్లలో ఈ పట్టు మరీ గట్టిది. ఐఫోన్‌లో యాప్‌ను వేలితో పైకి తోసి మూసేస్తే, మళ్లీ తెరిచేదాకా దాని పని సాగుతుందన్న హామీ లేదు. అలా తోసేయడం చాలామందికి చేతి అలవాటు. కారు తాళం కూడా దాంతోపాటే ఆగిపోతుందని అమ్మేటప్పుడు చెప్పేవాళ్లు ఎందరు?

మెరుగైన దారులు ఎప్పుడో వచ్చాయి. కార్ల కంపెనీలు, ఫోన్ల కంపెనీలు కలిసి ఏర్పాటు చేసుకున్న కార్ కనెక్టివిటీ కన్సార్షియం 2021లో డిజిటల్ కీ 3.0 ప్రమాణాన్ని విడుదల చేసింది. అందులో అల్ట్రా వైడ్‌బ్యాండ్ ఉంది. సిగ్నల్ బలం చూసి ఊహించే బదులు, తరంగం వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని కొలిచి ఇది దూరాన్ని తేలుస్తుంది. యాపిల్ 2020 జూన్‌లో ప్రకటించి బీఎండబ్ల్యూతో మొదలుపెట్టిన కార్ కీలో తాళం విడి యాప్‌లో కాకుండా వ్యాలెట్‌లో ఉంటుంది. ఛార్జింగ్ అయిపోయాక కూడా కొన్ని గంటలపాటు, తలుపు పిడికి ఫోన్ ఆనిస్తే తెరుచుకునే ఏర్పాటు చేశారు. ఇంత తేడా ఉన్నా ప్రకటనల్లో అన్నిటికీ ‘డిజిటల్ కీ’ అన్న ఒకటే పేరు. తాను కొంటున్నది యాప్‌తో నడిచే బ్లూటూత్ తాళమా, కాలాన్ని కొలిచే తాళమా అన్నది కొనేవారికి తెలియనివ్వడం లేదు.

సిగ్నల్ బలాన్ని నమ్ముకోవడంలో ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. ఎన్‌సీసీ గ్రూప్ అనే భద్రతా సంస్థ 2022 మేలో టెస్లా మోడల్ 3 మీద దాన్ని నిరూపించి చూపింది. ఇంట్లో ఉన్న ఫోన్ సిగ్నల్‌ను ఒక పరికరంతో అందుకుని, కారు పక్కనున్న మరో పరికరానికి చేరవేస్తే కారు నమ్మి తెరుచుకుంది. ఇలాంటి దాడులు ఈ తరహా తాళాలకు తెలిసిన పరిమితేనని టెస్లా జవాబిచ్చింది. యజమాని ఎదురుగా ఉన్నా గుర్తుపట్టలేని తాళం, దొంగ అందించిన సిగ్నల్‌ను మాత్రం గుర్తుపట్టింది. అమ్మకానికి ముందే తెలిసిన ఆ పరిమితిని కొనేవారి ముందు అంతే స్పష్టంగా ఎందుకు పెట్టలేదు?

సర్వర్ మీద ఆధారపడటం మరో గోతి. దగ్గరున్న ఫోన్‌తో నేరుగా మాట్లాడి కారు తెరుచుకోవడం ఒకటి, యాప్‌లో నొక్కితే ఆ ఆదేశం ఇంటర్నెట్ మీదుగా కంపెనీ సర్వర్‌కు వెళ్లి అక్కడి నుంచి కారుకు చేరడం ఇంకొకటి. బ్లూటూత్ మొరాయించినప్పుడు జనం ఆశ్రయించేది ఆ రెండోదాన్నే. 2021 నవంబర్ 19న టెస్లా సర్వర్లు పడిపోయినప్పుడు యాప్‌నే నమ్ముకున్న యజమానులు పలు దేశాల్లో తమ కార్ల బయటే నిలబడిపోయారు. ఎలన్ మస్క్ క్షమాపణ చెప్పారు, మళ్లీ జరగదన్నారు. అమెరికాలో 2022లో 3జీ నెట్‌వర్క్‌లు మూసేసినప్పుడు చాలా పాత కార్లకు ఫోన్‌లోంచి తలుపు తీసే సేవ శాశ్వతంగా పోయింది. బండి పదిహేనేళ్లు నడుస్తుంది. యాప్ ఎన్నేళ్లు బతుకుతుందో రాతపూర్వకంగా చెప్పే కంపెనీ ఏది?

టెస్లా మోడల్ 3 కార్లు 2017లో యజమానుల చేతికి వచ్చినప్పుడు వాటితో ఇచ్చింది రెండు కార్డులే. మామూలు రిమోట్ కావాలన్నవారికి తర్వాత దాన్ని 150 డాలర్లకు విడిగా అమ్మారు. అమెరికాలో ఫ్రిస్కోలోనూ ఫ్రీమాంట్‌లోనూ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఆ ఖర్చు భారం కాకపోవచ్చు. అయితే నమ్మకమైన తాళాన్ని అదనపు సరుకు చేయడం అక్కడ చెల్లిపోయింది. టెస్లా 2025 జులైలో ముంబైకి వచ్చింది. అంతకుముందే ఎంజీ, హ్యుందాయ్, మహీంద్రా తమ కొత్త మోడళ్లలో ఏదో ఒక రూపంలో డిజిటల్ కీ ఇవ్వడం మొదలుపెట్టాయి. మన దగ్గర ఇంకా చాలా కార్లతో రిమోట్ కూడా వస్తోంది. ఖర్చు తగ్గించుకోవడానికి దాన్ని ఎత్తేయక ముందే అడ్డుపడాలి.

ఇది సంపన్నుల సరదా సమస్య అని తీసిపారేసేవాళ్లు మన ఎండలను మరిచిపోతున్నారు. 2025 మేలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో ఆగి ఉన్న కారులోకి ఎక్కిన నలుగురు పిల్లలు తలుపులు మూసుకుపోయి ఊపిరాడక చనిపోయారు. ఆ విషాదానికీ ఫోన్ తాళాలకూ సంబంధం లేదు. మూసుకున్న కారులో ప్రాణం నిలిచే వ్యవధి ఎంత తక్కువో మాత్రం అది చెప్పింది. బిడ్డ వెనక సీట్లో, ఫోన్ ముందు సీట్లో ఉండగా తాళం పడిపోతే, బయటున్న తల్లి ఏ సెట్టింగులు వెతకాలి? రాత్రి పదింటికి ఖాళీ పార్కింగ్‌లో ఒంటరిగా నిలబడ్డ ఉద్యోగినిని ఫోన్ రీస్టార్ట్ చేసుకోమనడం సేవ అనిపించుకుంటుందా?

చట్టం లేక కాదు ఈ పరిస్థితి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సరుకులో లోపానికి, సేవలో కొరతకు పరిహారం కోరే హక్కు ఇచ్చింది. రూపకల్పనలోని లోపం వల్ల, తగిన సూచనలూ హెచ్చరికలూ ఇవ్వకపోవడం వల్ల హాని జరిగితే తయారీదారు బాధ్యత వహించాలని స్పష్టంగా రాసింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు వాహన కంపెనీలను నిలదీయడం కొత్త కూడా కాదు. జాతీయ హెల్ప్‌లైన్‌కు చేరిన 10,644 ఫిర్యాదుల ఆధారంగా అది 2024 అక్టోబరులో ఓలా ఎలక్ట్రిక్‌కు నోటీసు ఇచ్చింది. ఫోన్ తాళాల విషయంలో ఫిర్యాదులు వేలకు చేరేదాకా ఆగడం తగదు.

డిజిటల్ కీ ఉన్న ప్రతి కారుతోనూ ఫోన్ అవసరం లేని తాళం ఒకటి అదనపు ధర లేకుండా ఇవ్వాలని ప్రాధికార సంస్థ ఇప్పుడే ఆదేశించాలి. ఫోన్ తాళం ఏ పద్ధతిలో నడుస్తుందో, ఇంటర్నెట్ లేకపోతే పనిచేస్తుందో లేదో, యాప్‌ను ఎన్నేళ్లు నడుపుతారో బుకింగ్ పత్రంలోనే తెలుగు సహా స్థానిక భాషల్లో రాయించాలి. వారంటీ కాలంలో తలుపు తెరుచుకోకపోతే మనిషిని పంపి తెరిపించే ఖర్చు కంపెనీదే కావాలి. లోపం ఫోన్‌దా కారుదా అన్న లెక్క ఆ రెండు కంపెనీలూ తర్వాత తేల్చుకోవచ్చు.