పాత కారునకు అసలు భాగములే వలయునా?

గడచిన సంక్రాంతి సెలవులలో మా పూర్వవిద్యార్థి యొకఁడు మా యింటికి వచ్చి, తన తండ్రిగారి కారు విషయమై మా సలహా యడిగెను. ఒకప్పు డతనికి మేము చెప్పిన బీజగణితపు లెక్కలకంటె ఈ ప్రశ్న కఠినముగా నుండెను. ఆనాఁడు మేమిచ్చిన యుత్తరము తొందరపాటుతోఁ గూడినది. దాని నీ పత్రికలో సవరించుకొనఁ దలఁచితిమి. మన పిల్లలలో యంత్రములయం దాసక్తి గలవారు పెక్కుమంది గలరు. వారి యిండ్లలో మూలఁబడిన స్కూటరులును, కుట్టుమిషనులును లేకపోలేదు. కావున ఈ సంగతి వారికిని పనికివచ్చునని మా నమ్మకము.

ఆ తండ్రిగారు మా ప్రాంతమున ముప్పదియేండ్లకు పైగా వైద్యము చేసిన డాక్టరుగారు. వారు 1970లో కొనిన అంబాసిడరు మార్కు టూ కారు, వారు గతించినది మొదలు పదునాలుగేండ్లుగా వసారాలో కదలక నిలిచియున్నది. ఎలుకలు తీఁగలను కొఱికినవి. తలుపుల క్రింది రేకు త్రుప్పుపట్టి, వ్రేలితోఁ బొడిచిన రాలుచున్నది. ఎనుబదియేండ్ల తల్లిగారికి ఆ కారులో మరల నొకసారి బాపట్ల దాఁక పోయి రావలెనని కోరిక. విజయవాడ ఆటోనగరులోని మేస్త్రీగారొకరు, పాత ఇంజను తీసివేసి, తుక్కుక్రిందఁ బోయిన టాక్సీనుండి దించిన ఇసుజు ఇంజనును పెట్టి, స్టీరింగు ప్రక్కనున్న గేరుకఱ్ఱను క్రిందికి మార్చి, ఏ.సి. బిగించి, మూఁడు నెలలలోఁ గ్రొత్తకారు వలెఁ జేసి యిచ్చెదమని చెప్పిరి. అసలు భాగములే కావలెనన్న నొక యేడాది పట్టుననియు, ఖర్చు రెట్టింపగుననియు వారే చెప్పిరట.

"అమ్మ అంతవరకు ఆగగలదా, మాస్టారూ?" అని మా విద్యార్థి యడిగెను. మేము మఱుమాట లేక, మేస్త్రీగారు చెప్పినట్లే చేయింపుమని చెప్పి పంపితిమి.

అతఁడు వెళ్లిన పిమ్మట మా నాయనగారి హెర్క్యులిస్ సైకిలు మాకు జ్ఞాపకము వచ్చెను. ఆరేండ్ల క్రిందట దానిని క్రొత్తగా నుండవలెనని యొక కొట్టులో నిచ్చితిమి. గొలుసు మీఁది రేకుపై తెల్లని యక్షరములతో వ్రాయించుకొనిన నాయనగారి పేరును గరుకుకాగితముతో గీఁకివేసిరి. వారి కూర్చుండుటచే నొకవైపునకు వంగిన తోలు సీటును తీసివైచి, మెత్తని క్రొత్తసీటును బిగించిరి. సైకిలు తళతళలాడుచు నింటికి వచ్చినది. మా యమ్మ దానిని చూచి, "ఎవరి సైకిలురా ఇది?" అనెను. కొట్టువానియందు తప్పు లేదు. మేము చెప్పినదే యతఁడు చేసెను.

అసలు భాగమనఁగా నేమి? కారు కర్మాగారమునుండి వెలువడిననాఁడు దానియందున్న భాగము అసలుదనుటలో వివాదము లేదు. కాని అదే కర్మాగారమువారు పిదప మఱియొక కారునకుఁ జేసినదో? అదే నమూనాలో నేఁడెవరో పోఁతపోసినదో? అంబాసిడరు విషయమున నీ చిక్కు హెచ్చు. ఇంగ్లండువారి మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూఁడవ శ్రేణి కారును మూలముగాఁ గొని, హిందూస్థాన్ మోటార్సు వారు పశ్చిమబంగాళములోని ఉత్తరపారా కర్మాగారమున 1957లో దీనిని మొదలిడి, 2014 వఱకుఁ జేయుచు వచ్చిరి. అన్నియేండ్లలో రూపము మాఱినది మిక్కిలి తక్కువ. కాఁబట్టి తరువాతి కాలపు భాగములు పెక్కు ముందటి కారునకు సరిపోవును. చెన్నపట్టణపు పుదుప్పేటలోను, ఢిల్లీ మాయాపురిలోను పాతసామానుల యంగళ్లు వెదకువారికి ఏదో యొకటి దొరకకపోదు. కాని యిట్లు దొరకినదంతయు ఆ డాక్టరుగారి కారుది కాదు గదా!

ఈ విషయమై ఇంగ్లండు హైకోర్టులో 1990లో నొక వ్యాజ్యము నడచినది. 1929, 1930 సంవత్సరములలో లె మాన్ పందెమును గెలిచిన బెంట్లీ కారునకు "ఓల్డ్ నంబర్ వన్" అని పేరు. ఒక కోటి పౌనులకు బేరము కుదిరిన పిమ్మట, కొనువారు ఇది యా కారే కాదని వెనుదీసిరి. నిజమునకు 1930 నాఁటి భాగములలో మిగిలియున్నవి బహుస్వల్పము. 1932లో బ్రూక్‌లాండ్సు పందెమున జరిగిన ప్రమాదములో దానిని నడుపుచున్న క్లైవ్ డన్‌ఫీ మరణించెను. కారు మరల కట్టఁబడినది. అయినను న్యాయమూర్తి ఆటన్ గారు ఇది ఆ కారే యని తీర్పుచెప్పిరి. ఏలయనఁగా, అది యొక్కదినమున మఱియొక కారుగా మాఱలేదు. భాగములు మాఱుచున్నను దాని చరిత్ర తెగలేదు. ఈ తీర్పు మాకు సమ్మతమే. అయితే మేస్త్రీగారు తలపెట్టిన మార్పు దానివంటిది కాదు. అరిగిన దానికి బదులుగా మఱియొకటి పెట్టుట వేఱు, అరుగకయున్న దానిని సుఖముకొఱకు పీఁకివేయుట వేఱు.

చట్టమును గూడ చూడవలయును. కేంద్రప్రభుత్వము 2021లోఁ జేసిన నిబంధనల ననుసరించి, మొదటి రిజిస్ట్రేషను నాఁటినుండి 50 ఏండ్లు దాఁటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్దమార్పు లేక అసలు రూపముననున్న వాహనము వింటేజి వాహనముగా నమోదగును. దాని నంబరులో 'వి.ఏ.' అను అక్షరములు చేరును. క్రొత్తగా నమోదునకు రుసుము 20,000 రూపాయలు; గడువు 10 ఏండ్లు. ఇసుజు ఇంజనును పెట్టిననాఁడే యీ దారి మూసికొనిపోవును. పైగా, 1988 నాఁటి మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను ప్రకారము అట్టి మార్పునకు అనుమతి పొందవలయును. కాని వింటేజి నమోదు పొందిన కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప నిత్యమును రోడ్డుమీఁద నడపరాదు. తల్లిగారికి కావలసినది ప్రదర్శన కాదు. కావున మా తలఁపేమనఁగా, ఆమె జీవించియున్నంతవఱకు ఫిట్‌నెసు పరీక్ష చేయించి, సాధారణపు రిజిస్ట్రేషనునే కొనసాగింపవలయును. ఇంజనును మాత్రము మార్పరాదు. అప్పుడు రెండవ దారి మనుమలకు మిగిలియుండును.

అసలుదనము పేరిట ప్రాణములను పణముగాఁ బెట్టుమని మేము చెప్పము. అరిగిన బ్రేకు లైనింగులు, బ్రేకు గొట్టములు, టైర్లు, ఎలుకలు కొఱికిన తీఁగలు క్రొత్తవే యుండవలయును. వెనుకటి బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాసు ఉండెడిది. దాని ధూళి ఊపిరితిత్తులకు మిక్కిలి హానికరము. కావున పాత డ్రమ్ములను ఊఁది శుభ్రము చేయరాదని పనివారికి చెప్పవలయును. పెట్రోలు విషయము మఱియొకటి. ఆ ఇంజను పుట్టిననాఁడు పెట్రోలులో సీసము కలిపెడివారు. అది వాల్వు సీట్ల యరుగుదలను తగ్గించెడిది. 2000 సంవత్సరమున మనదేశమున సీసపు పెట్రోలు ఆగిపోయినది. కాఁబట్టి హెడ్డును విప్పినపుడే గట్టి ఉక్కు సీట్లను వేయించుట మేలు. ఇప్పటి పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియుచున్నది గనుక, పాత రబ్బరు పైపులు చివికి కారుటకు వీలున్నది. వానిని గూడ మార్పవలయును. ఇవి యేవియు పైకి కనఁబడవు, కారు రూపమునకు భంగము లేదు. తలుపుల క్రింది త్రుప్పు మాత్రము ఉపేక్షింపరానిది. అంబాసిడరునకు లారీవలె వేఱు చట్రము లేదు. బాడీయే బరువును మోయును. అచ్చట పుట్టీతోఁ బూడ్చి రంగు వేసినచో నది మోసమే యగును. రేకును కోసి క్రొత్తరేకును అతికింపవలయును.

ఇఁక ఏడాదియన్న మాట. అంతకాలము పట్టునది క్రోమియపు పట్టీలకు, పాతదీపముల కప్పులకు చేయు వేఁటకుఁ గాని, కారు నడచుటకుఁ గాదు. ఇవి లేకయే బాపట్లకుఁ బోవచ్చును! ఈ సంగతి మొదటినాఁడే మాకు తోఁచియుండవలసినది. మేము మా విద్యార్థికి మరల జాబు వ్రాసి, ప్లగ్గు రంధ్రములలో కొంచెము నూనె పోసి కొన్నిదినము లుంచి, స్టార్టరు ముట్టక, చేతితోఁ ద్రిప్పి చూడుమంటిమి. ఇంజను తిరిగినచో బ్రేకులు, పెట్రోలు మార్గము, త్రుప్పు, ఈ మూఁటినే ముందు చేయింపుమనియు, మిగిలినవి తీరికగాఁ జూచుకొనవచ్చుననియు వ్రాసితిమి.

రంగు వేయవలదనియు నందు వ్రాసితిమి. కాలిఫోర్నియాలోని పెబుల్ బీచి ప్రదర్శనమున దశాబ్దములుగా మెఱుఁగుపెట్టిన కార్లకే ప్రథమ బహుమానము దక్కుచుండెడిది. 2024లో మొదటిసారి, పాతరంగు అట్లే యుంచిన 1934 నాఁటి బుగాటీ కారునకు దానినిచ్చిరి. డాక్టరుగారి కారున కెవరును బహుమానము నీయఁబోరు. కాని ఎడమతలుపు మీఁద, వానరాత్రులలో రోగులయొద్దనుండి పిలువవచ్చినవారు చేతితోఁ దట్టి తట్టి రంగుపోయిన చోటొకటి గలదు.

పదునొకండవ దినమున ఇంజను తిరిగినదని అతఁడు ఫోను చేసెను. ఇసుజు మాట మానుకొనెనట. మేస్త్రీగారు మొదట నొచ్చుకొన్నను, ఇప్పుడు హెడ్డును తామే విప్పి, వాల్వులను తమ చేతితో నూఱుచున్నారట. వెనుక సీటు మీఁద మందులపెట్టె యొరసి చినిఁగిన రెక్సినును గూడ ఉన్నదున్నట్లే ఉంచుమని మేమంటిమి. "అమ్మ కూర్చుండునది అక్కడనే గదా, మాస్టారూ, గ్రుచ్చుకొనదా?" అని అతఁడడిగెను. దానికి మేమింకను జవాబు చెప్పలేదు.