‘బయో’ ప్యాకెట్‌లో బ్యాక్టీరియా బతికే ఉందా? వరి అగ్గి తెగులుపై రైతులు చూడాల్సింది ఇదే..

వరి ఆకు మీద నూలు కండె ఆకారంలో మచ్చలు కనిపిస్తే చాలు.. రైతు ట్రైసైక్లజోల్ కోసం షాపుకు పరిగెడతాడు. అగ్గి తెగులుకు ఏళ్లుగా తెలిసిన మందు అదే. సాంబ మసూరి (బీపీటీ 5204) వేసిన చోట ఈ భయం మరీ ఎక్కువ. తెగులు వెన్ను మెడకు పాకిందా.. గింజ తాలుపోయి పెట్టుబడి కూడా రాదు.

అయితే ఈ మందు అవశేషాల పరిమితిని యూరోపియన్ యూనియన్ 2018 నుంచి కిలో బియ్యానికి 0.01 మిల్లీగ్రాములకు తగ్గించేసింది. అంతకుముందు అది 1 మిల్లీగ్రాము. దెబ్బ ఎక్కువగా బాస్మతికే తగిలినా, రసాయనం తగ్గించి తెగులు ఆపేదెలా అన్న ప్రశ్న మన పొలాల్లోనూ ఉంది.

దానికి ఉన్న జవాబుల్లో సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ ఒకటి. మట్టిలో సహజంగా ఉండే బ్యాక్టీరియా ఇది. (ట్రైకోడెర్మా వేరు.. అది శిలీంధ్రం.) వేర్ల చుట్టూ చేరి, చెడ్డ శిలీంధ్రానికి ఇనుము అందకుండా లాగేసుకుంటుంది. దాన్ని చంపే యాంటీబయాటిక్స్ వదులుతుంది. అన్నిటికీ మించి మొక్క సొంత రక్షణ వ్యవస్థను ముందే మేల్కొలుపుతుంది. వేరు దగ్గరున్న బ్యాక్టీరియా ఆకు మీది తెగులును తగ్గించేది అలాగే.

చిక్కంతా ఆ ‘ముందే’లోనే ఉంది. కిలో విత్తనానికి 10 గ్రాముల పొడి పట్టించాలి, నారు వేర్లను ద్రావణంలో ముంచి నాటాలి. మచ్చలు పొలమంతా పాకాక చల్లి, ట్రైసైక్లజోల్‌లా పనిచేయమంటే కుదరదు. ‘బయో దండగ’ అని చాలామంది తేల్చేసేది ఇక్కడే.

అసలు సమస్య ఇంకోటి. నిబంధన ప్రకారం గ్రాము పొడిలో కనీసం 10 కోట్ల బతికున్న కణాలు ఉండాలి. బాసిల్లస్ సబ్టిలిస్ లాంటి బ్యాక్టీరియా ఎండను తట్టుకునే స్పోర్స్ తయారు చేసుకుంటుంది. సూడోమోనాస్‌కు ఆ శక్తి లేదు. ఖరీఫ్ అమ్మకాలు జూన్‌లో.. అంటే స్టాక్ మే ఎండల్లో రేకుల గోడౌన్‌లో మగ్గితే అందులో ఎన్ని మిగులుతాయి? రైతు కళ్లకు బతికిన పొడి, చచ్చిన పొడి ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి నిందించాల్సింది బ్యాక్టీరియాను కాదు, దాన్ని రసాయన డబ్బాల పక్కనే అదే వేడిలో పెట్టి అమ్మే పద్ధతిని.

కొనేటప్పుడు రిజిస్ట్రేషన్ నంబర్, సీఎఫ్‌యూ సంఖ్య, తయారీ, గడువు తేదీలు చూడండి. బిల్లు అడగండి. ఇంటికి తెచ్చాక నీడలో ఉంచండి. కాపర్ ఆక్సీక్లోరైడ్, స్ట్రెప్టోసైక్లిన్ లాంటి మందులతో మాత్రం కలపొద్దు.. అవి బ్యాక్టీరియానే చంపేస్తాయి.